గట్టు మీద కూర్చున్నాయన

హారన్ కొట్టకురా బాబూ. చెవులున్నాయి నాకు. ఇందాకటి నుంచీ వింటూనే ఉన్నాను. గుమ్మం ముందు బండి ఆపి పాం పాం అంటే పరిగెత్తుకొచ్చి ఎక్కి కూర్చోడానికి నేనేవన్నా కాన్వెంటు పిల్లాణ్ణా?

ముందు ఆ ఇంజను ఆపు. ఆపేవా? ఇప్పుడు దిగొచ్చి ఈ అరుగు మీద కూర్చో. ఎండన పడొచ్చేవు, మజ్జిగ తాగుదువు గాని. ఏవే రాజ్యలక్ష్మీ, ఎర్రయ్య కొడుకు నాగసతీషొచ్చేడు ఆటో వేసుకుని. ఓ గ్లాసు మజ్జిగ పట్రా. ఉప్పెక్కువ వెయ్యకు.

నీ మీద నాకు కోపం లేదురా. నువ్వు బండి తోలుకునేవాడివి, వెళ్ళమంటే వచ్చేవు. నా కోపవంతా పంపినవాళ్ళ మీద.

పిలుపుకో పద్ధతుందా లేదా, నువ్వే చెప్పు. ఏదన్నా కార్యవంటే ముందు రోజు ఇంటికొచ్చి, ఇంటాయన ఉన్నాడో లేడో కనుక్కుని, ఎదురుగా నిలబడి పిలవాలి. అది మొదటి పిలుపు. తెల్లారి అన్నీ సిద్ధవయ్యాక మళ్ళీ వాళ్ళ ఇంటిమనిషొచ్చి, "మీ కోసవే చూస్తన్నావండి, దయచెయ్యండి" అని వెంటబెట్టుకుని తీసికెళ్ళాలి. అది రెండో పిలుపు.

ఆ రెండో పిలుపు రాలేదనే కదా నేను సొంత మేనకోడలి పెళ్ళి భోజనానికి వెళ్ళలేదు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని సాయంత్రం దాకా ఇదే అరుగు మీద కూర్చుని, చీకటి పడ్డాక లోపలికెళ్ళి పెరుగన్నం తిన్నాను. ఆ పిల్లకిప్పుడు అల్లుళ్ళొచ్చేరు. మా బావ గుమ్మం నేనింతవరకూ తొక్కలేదు.

అలాంటిది ఆటో పంపితే పిలుపవుతుందిట్రా? కొట్టునుంచి మినప్పప్పు బస్తా తెమ్మని పంపినట్టు?

ఆయ్ అంటావేవిటి? అవుతుందా అవదా అని అడుగుతుంటే ఆయ్ అంటాడు. మీ నాన్నా ఇంతే. ఏవడిగినా ఆయ్ అనేవాడు, పని మాత్రం వాడిష్టం వచ్చినట్టు చేసుకునేవాడు.

ఇదిగో, ఈ తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా చూసి ఏదో అనుకోకు. నేను రోజూ ఇలాగే ఉంటాను. కావాలంటే మా ఇంటావిణ్ణి అడుగు. వద్దులే, అడక్కు.

మొదటి పిలుపన్నా సరిగా జరిగిందా అంటే అదీ లేదు. నిన్న పొద్దున్న నేను తోటలో కొబ్బరి దింపు దగ్గరున్నాను. నేను దగ్గర లేకపోతే లేతకాయలు కూడా నరికేస్తున్నారు ఈ కాలం వాళ్ళు. సరిగ్గా ఆ టైము చూసుకుని వచ్చేడుట కొండబాబు. కారు వీధి చివరాపి నడిచొచ్చేడుట. నువ్వు కూర్చున్నావే, సరిగ్గా అక్కడే కూర్చున్నాట్ట. ఈవిడ పొట్టెక్కలు పెట్టింది.

పనసాకులు బుట్టలుగా కుట్టి, పిండి పోసి, ఆవిరి మీద ఉడికించి, అల్లప్పచ్చడితో సహా. నేనడిగితే ఆకులు ముదిరిపోయాయండి అంటుంది, నడుం నొప్పండి అంటుంది. వాడొస్తున్నాడనేసరికి లేతాకులు ఎక్కణ్ణుంచి దొరికేయో. ముందు రోజు పిండి రుబ్బుతుంటే ఎవరికే అన్నాను. ఊరికేనండి అంది. ఊరికే ఎవరన్నా పిండి రుబ్బుతారా?

నేనింటికొచ్చేసరికి పెరట్లో ఆకుబుట్టలు పడున్నాయి. "కొండబాబు గారొచ్చి వెళ్ళేరండి. రేపు కాలవ దగ్గరికి మిమ్మల్ని తప్పకుండా రమ్మన్నారండి" అంది. గారు. అప్పారావు కొడుకు మా ఇంట్లో గారయ్యేడు.

నవ్వకురా. పొలమారుతుంది.

నీకు తెలీదులే, నువ్వు పుట్టలేదప్పటికి. వీళ్ళ నాన్న అప్పారావు మా తోటలో దింపు తీసేవాడు. వాడు చెట్టెక్కి గెలలు నరికితే, కింద కాయలేరి రాశి పొయ్యడం పిల్లలు, ఆడవాళ్ళ పని. ఈ కొండడు కాయని చేత్తో ఎత్తేవాడు కాదు. కాలితో దొర్లించుకుంటూ తెచ్చేవాడు, చెట్ల మధ్యనుంచి ఇటు తిప్పి అటు తిప్పి. ఒరేయ్, కాయలు బురద కొడుతున్నాయిరా, చేత్తో పట్రా అని నేను కేకలేస్తే, అప్పటికి చేత్తో ఎత్తేవాడు. నేనటు తిరగ్గానే మళ్ళీ కాలే.

ఇప్పుడా కాలుని టీవీలో చూపిస్తున్నారు.

కాలు కాదులే, ఇప్పుడు కాలు కూడా కాదు. ఫుట్‌బాలు టీముకి మేనేజరు కదా. నాకు అర్థం కాక అడుగుతాను, ఆటకి మేనేజరేవిట్రా? రైసు మిల్లుకి మేనేజరుంటాడు. సినిమా హాలుకుంటాడు. బంతి తన్నేది పిల్లలు, చెమట కార్చేది పిల్లలు. ఈయన గీత బయట కోటేసుకుని, జేబుల్లో చేతులెట్టుకుని నిలబడతాడు. గోవా ఎండలో కోటు. అప్పుడప్పుడు ఓ వేలు చూపిస్తాడు, అంతే. గెలిస్తే మాత్రం ఈయన్నే పైకెగరేసి పట్టుకుంటారు.

ఓడితే ముందు ఈయన్నే తీసేస్తారా? అదీ తెలుసు నాకు. తీసేసేరు కూడా ఒకసారి, కేరళలో. వరసగా ఓడిపోతున్నారని మధ్యలోనే పంపించేసేరు. ఆ ఆటలు నేను చూసేను. గోలు కాసేవాడు చేతకానివాడైతే మేనేజరేం చేస్తాడు? అన్యాయవది.

అంటే, చూసేనంటే... ఛానళ్ళు తిప్పుతుంటే కనపడింది. సౌండు తీసేసి చూస్తాను. ఈవిడ వినిందంటే వచ్చి పక్కన కూర్చుని, మనవాడండీ మనవాడండీ అని ప్రాణం తీస్తుంది.

నేను ఆడలేదనుకుంటున్నావా? మీ నాన్నని అడుగు, ఉన్నాడుగా. కొత్తపేట టీములో బ్యాకు ఆడేవాణ్ణి. మూడో తరగతిలోనే బడి మానేసేను. వీడి చదువంతా కాళ్ళలోకి దిగిపోయిందనేవారు మా నాన్నగారు. నేను తన్నేనంటే బంతి కొబ్బరి మొవ్వులు దాటి పైకెళ్ళేది. జనం మెడలు ఎత్తి చూసేవారు. రాజోలు వాళ్ళతో ఆడినప్పుడు మన గోలు దగ్గర తంతే అవతలి గోలు వెనకాల పశువుల పాకలో పడింది. గోలు అవలేదనుకో. కానీ దూరం చూడు.

అమలాపురంలో ఆ ఆట చూసినవాళ్ళెవరో కాకినాడ సెలక్షనుకి నా పేరిచ్చేరు. కార్డొచ్చింది, ఫలానా తేదీకి రమ్మని. మనిషి రాలేదు, కార్డు ముక్కొచ్చింది. ఓ మాటు చూసేను, రెండో మాటు వస్తుందేవోనని చూసేను. రాలేదు. నేను వెళ్ళలేదు. కార్డు ముక్క మీద పిలిస్తే వెళ్ళే మనిషిని కాదురా నేను. ఇప్పుడూ కాదు, అప్పుడూ కాదు.

మరి వీణ్ణెవరు పిలిచేరనుకున్నావు? ఎవరూ పిలవలేదు. పదేళ్ళు పోయేక అదే కాకినాడ సెలక్షనుకి, పిలవకుండానే, అరటికాయల లారీ ఎక్కి వెళ్ళిపోయేడు. వెళ్ళి గోలు వెనకాల నిలబడి, బయట పడ్డ బంతులు తెచ్చిచ్చేడుట పొద్దస్తమానం. సాయంత్రం ఎవడో కుర్రాడికి కాలు మడతపడితే, ఏరా నువ్వు నిలబడతావా అన్నారుట. నిలబడ్డాడు. సిగ్గూ లేదు, అభిమానం లేదు. ఎంగిలి విస్తరి ముందు కూర్చున్నట్టు కాదూ?

కూర్చున్నాడు. తిన్నాడు. లేచేడు. జిల్లా టీము చొక్కా తొడుక్కుని వచ్చేడు ఊళ్ళోకి.

అక్కణ్ణుంచి మస్కట్. ఆటకని కాదు, ఏసీలు బిగించే కంపెనీలో హెల్పరుగా. మన ఊరి నుంచి వెళ్ళినవాళ్ళంతా సెలవు రోజు గదుల్లో పడి నిద్రోతే వీడు ఇసకలో ఆడేడు. కంపెనీకో టీముంది. అందులో ఓ గోవా సూపర్‌వైజరు చూసి, నువ్వు ఏసీలు బిగించే మనిషివి కాదని గోవా తీసికెళ్ళి క్లబ్బులో చేర్చేడు. చూసేవా? వాడికి ప్రతిచోటా ఎవడో ఒకడు తగులుతాడు. నాకు పోస్టుమాను తగిలేడు.

గోవాలో బాగానే ఆడేడు, నేను కాదనను. తర్వాత మోకాలు పోయింది. ఇంక ఆడలేడన్నారు. అప్పుడు మన ఊళ్ళో ఏవన్నారంటే, వచ్చేస్తాడు, మళ్ళీ దింపుకే వస్తాడు అన్నారు. నేనూ అన్నాను. మా తోటలో పని ఇద్దావనే అనుకున్నాను, అబద్ధవెందుకు. నిజంగానే మనసులో అనుకున్నాను, చెట్లెక్కలేడు గాని లెక్క చూసుకుంటాడు పాపం అని.

రాలేదు వాడు. ఏ క్లబ్బుకాడేడో ఆ క్లబ్బులోనే బంతుల సంచులు మోసేడు. తనకన్నా చిన్నవాళ్ళకి నీళ్ళందించేడు. నేనైతే ఒక్క పూట ఉండను. ఉంటూనే, మేనేజరు అవడానికి పరీక్షలున్నాయిట, ఇంగ్లీషులో, అవి రాసేడు. తప్పేడు, మళ్ళీ రాసేడు. కేరళ వాళ్ళు పెట్టుకున్నారు, తీసేసేరు. మళ్ళీ గోవా వాళ్ళు పిలిచేరు. మొన్న కప్పు కొట్టేడు.

ఆ కప్పు పట్టుకుని టీవీలో కూర్చున్నాడు. ఓ అమ్మాయి అడిగింది, మీ టీము బంతిని పైకి లేపదు, నేల మీదే నడిపిస్తుంది, ఎదరవాళ్ళకి అందదు, ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని. దానికో పేరు కూడా పెట్టేరుట, ఇంగ్లీషులో. నేను సౌండు పెట్టేను అప్పుడు. ఈవిడ పక్కనున్నా సరే అని పెట్టేను.

ఏవన్నాడో తెలుసా? "మా ఊళ్ళో వేసంకాలం కాలవ కట్టేస్తారు. ఆ ఎండు కాలవే నాకు ఆట నేర్పింది" అన్నాడు.

కాలవ నేర్పిందిట.

కాలవ పేరు చెప్పేడు, నా పేరు చెప్పలేదు. ఒరేయ్, కాలవ ఆట నేర్పుతుందిట్రా? ఏ కాలవన్నా నోరు తెరిచి, ఒరేయ్ కొండా, బంతి పైకి లేపకురా అందా? అన్నది ఎవరు?

నేను. నేనన్నాను. ఆ కాలవలో ఆడే పిల్లలకి ఆ రూలు పెట్టింది నేను. బంతి గట్టు దాటించినవాడు ఆ పూటకి ఆట మానేసి గట్టు మీద కూర్చోవాలి. మళ్ళీ మర్నాడే దిగడం. ఎంత ఏడ్చినా వినేవాణ్ణి కాదు. బంతి కూడా నాదే. నాది పాతది చిరిగిపోతే పారేసేను, అప్పారావు దాంట్లో కొబ్బరిపీచు కుక్కి కుట్టిచ్చేడు. బరువుగా ఉండేది. ఆ బంతి, ఆ రూలు, ఆ కాలవ. మొదటి రెండూ ఎవరివి?

సరే, వాడు నన్ను చెప్పలేదు, ఊరుకున్నాను. ఈలోగా ఆ మాణిక్యాలరావు మొదలెట్టేడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు చేసేడుగా, రిటైరయ్యేడుగా, పనేవీ లేదుగా. కొత్తపేట సెంటర్లో ఫ్లెక్సీ కట్టించేడు, చూసే ఉంటావు. నేను ఎండలో నిలబడి కూడబలుక్కుని చదివేను. గురుదేవులు మాణిక్యాలరావు మాస్టారు అని ఉంది. కొండడి బొమ్మ కన్నా ఆయన బొమ్మే పెద్దది. మెళ్ళో ఈల.

ఆయన నేర్పింది ఆ ఈలొక్కటే. కొండడు హైస్కూలుకెళ్ళేనాటికే వాడి కాలు తయారైపోయింది. ఈయన చేసిందల్లా వరసలో నిలబెట్టి చేతులు పైకెత్తించడం. నామీద ఓ మాట కూడా అన్నాడుట, ఈశ్వర్రావు జన్మలో బంతి నేలమీద ఆడలేదు, ఆయన ఇంకోడికి నేర్పడవేవిటని. ఎంత మాట. నేను తన్నే పద్ధతి వేరు, నేర్పే పద్ధతి వేరు. వంటవాడు తన వంట తనే తింటాడా?

అందుకే నేను రాను. ఇవాళ కాలవ దగ్గర షామియానా వేసేరు, మైకు పెట్టేరు, జిల్లా పిల్లలందర్నీ పిలిచి ఎండు కాలవలో ఆడించి, కొంతమందిని ఏరి గోవా తీసికెళ్తాడుట మేనేజరు గారు. మంచిదే. ఆ మాణిక్యాలరావు ముందు వరసలో కూర్చుని, పోనీ పాపం ఈశ్వర్రావుని కూడా ఓ మూల కూర్చోబెడదాం, ఆటో పంపండి అనుంటాడు. అంతేనా? ఆయనే కదా నిన్ను పంపింది?

ఏవిటీ?

మాస్టారు కాదా? మరి కమిటీ వాళ్ళా? కాదా? మరెవరు?

కొండడా?

వాడే చెప్పేడా నీకు, నీతోనే? ఎప్పుడు? ఇందాకా? ఏవన్నాడు? ఇటు జరుగు. ఆ గ్లాసక్కడ పెట్టి సరిగ్గా చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు, నీ సొంతం కలపకు.

తనే వద్దావనుకున్నాడు, పిల్లలు కాలవలో దిగిపోయారు, వదిలి రాలేకపోయేడు. ఊ. అది సరే. పిల్లల్ని వదిలి రాకూడదు. తర్వాత?

పిల్లల్నందర్నీ నేల మీద కూర్చోబెట్టేడు. ఊ.

"ఈ గట్టు మీద ఈశ్వర్రావు గారని ఒకాయన కూర్చునేవారు" అన్నాడా? పేరు చెప్పేడా? ఈశ్వర్రావు అన్నాడా, సుబ్రహ్మణ్యేశ్వరరావు అన్నాడా? పూర్తి పేరు కూడా చెప్పేడు. సరే. చెప్పు.

"ఎండ ఎంత కాసినా ఒక్కపూట మానేవారు కాదు. ఆయన చూపు బంతి మీంచి తిప్పేవారు కాదు. బంతి కాస్త పైకి లేస్తే చాలు, లేచి నిలబడేవారు. ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టడం కోసం నేను బంతిని నేల మీదే ఉంచడం నేర్చుకున్నాను. నా ఆటని అంత శ్రద్ధగా చూసిన మనిషిని తర్వాత ఏ దేశంలోనూ చూళ్ళేదు."

అలా అన్నాడా?

ఏ దేశంలోనూ అన్నాడా?

టీవీలో కూడా చెప్పేడుట. కత్తిరించేసేరా? కాలవ ఒక్కటే ఉంచేరా? చూడు, చూడు వాళ్ళ పని.

మాణిక్యాలరావు అప్పుడక్కడే ఉన్నాడా? ముందు వరసలో? మొహం ఎలా పెట్టేడు? చూళ్ళేదా? అదేంట్రా, అసలైంది చూసుకోవద్దూ?

రాజ్యలక్ష్మీ. ఏవే. విన్నావా వీడు చెప్పింది? తలుపు చాటునుంచి వినడం కాదు, ఇటు రా. నా కండువా పట్రా. జరీ అంచుది కాదు, పెళ్ళికొడుకులా ఉంటుంది. తెల్లది. కొత్త చెప్పులు కూడా. ఆ పొట్టెక్కలు మిగిలేయా? వాడికో నాలుగు మూటకట్టు. వాడికిష్టం కదా, చిన్నప్పట్నుంచీ ఇష్టం.

రెండో పిలుపు ఇలాగే ఉండాలని ఎక్కడన్నా రాసుందా ఏవిటి? మనిషిని బట్టి, పనిని బట్టి. పిల్లల్ని వదిలి వాడెలా వస్తాడు? నువ్వొచ్చేవు కదా, వాడి మాట అక్షరం పొల్లుపోకుండా తెచ్చేవు కదా. ఇదే పిలుపు. ఆ బండి స్టార్టు చెయ్యి. వెనక సీటు తుడిచేవా? చొక్కా మాసిపోతుంది.

ఇంకేవన్నా అన్నాడా?

మైకా? నాకెందుకు మైకు?

రూలు నేనెందుకు పెట్టేనో నా నోటితో పిల్లలకి చెప్పాలి. ఊ. నేల మీద ఆట అనే ఆలోచన నాకెలా తట్టిందో. ఊ. తన మాటకన్నా నా మాటైతే పిల్లలకి బాగా ఎక్కుతుందన్నాడు. వీడియో తీసి గోవాలో వాళ్ళ కుర్రాళ్ళందరికీ చూపిస్తాడుట. ఇన్నాళ్ళూ తనకే అడగాలని ఉండి, భయపడి అడగలేదన్నాడు.

ఆపు బండి.

ఆపమన్నానా? ఆపు. ఉండు ఓ నిమిషం, కూర్చోనీ.

కండువా వద్దులేవే. లోపల పెట్టెయ్. ఏవీ లేదు, తల తిరిగినట్టుంది, ఎండకి. నువ్వు లోపలికెళ్ళు.

ఒరేయ్ నాగసతీషూ. ఆ గట్టు పక్కన ఇప్పుడు ఇళ్ళు లేచేయి గాని, అప్పట్లో ఏముండేదో తెలుసా నీకు? మా అరటి తోట. చక్కెరకేళి. కాలవ పొడుగునా, గట్టుని ఆనుకుని. సరిగ్గా కాలవ కట్టేసే రోజులకే గెలలు దిగేవి. రావులపాలెం మార్కెట్టులో మా గెలలంటే చేత్తో తట్టి కూడా చూసేవారు కాదు, మచ్చ లేని కాయ. మా నాన్నగారు పోయి తోట నా చేతికొచ్చిన కొత్త.

కాలవలో పిల్లలు ఆడుతుంటే వద్దనే హక్కు నాకెక్కడిది? కాలవ సర్కారుది. పీచు కుక్కిన బంతి రాయిలా ఉండేది, గట్టు దాటొచ్చి తగిలితే గెల మొదలంటా విరిగి వేలాడేది. తిట్టేను, వినలేదు. అందుకని రూలు పెట్టేను. ఆటలో రూలంటే పిల్లలు వింటారు, ఊరికే చెబితే వినరు. పెట్టి, ఎండలో గొడుగేసుకుని, పక్కన కర్ర పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాను, కాపలా.

అందుకేరా చూపు తిప్పనిది. అందుకే, బంతి లేస్తే నేను లేచింది. గెలలు దిగినన్నాళ్ళూ ఒక్కపూట మానలేదు. మానితే ఎలా, తోట పోదూ? నేను చూసింది బంతిని. వాణ్ణి కాదు. వాడు ఎలా ఆడేడంటే ఇప్పుడు చెప్పలేను నేను.

కాదు. అదీ అబద్ధవే. ఓ రోజు చూసేను. అవతలివాళ్ళు ముగ్గురు అడ్డం నిలబడితే, వాడు బంతిని గట్టు వాలు మీదికి మెల్లిగా నెట్టేడు. అది వాలెక్కి, వాళ్ళని దాటి, మళ్ళీ కిందికి దొర్లొచ్చేసరికి వీడక్కడున్నాడు. గట్టుని కూడా ఆటలో చేర్చేసుకున్నాడు. కాళ్ళకి నత్తగుల్లలు గీరుకుపోయి నెత్తురు కారుతోంది, వీడు గట్టుతో ఆడుకుంటున్నాడు. నేను ఎన్ని తన్నులు తన్నేను, ఇది నాకెప్పుడూ తట్టలేదే అనుకున్నాను. భేషని ఒక్క మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. కర్రతో నేల మీద కొట్టి, ఒరేయ్, గట్టు మట్టి జారుతుంది అన్నాను.

వాడు తలూపేడు. అదీ ఏదో పాఠవే అనుకునుంటాడు.

ఇప్పుడు అక్కడికెళ్ళి, మైకు పట్టుకుని ఏం చెప్పను? కట్టు కథ చెప్పడం నాకు చేతకాదు. మాణిక్యాలరావైతే చెబుతాడు. ఉన్న మాట చెబుదావా అంటే, పిల్లలూ, నా చక్కెరకేళి గెలలు విరుగుతాయని కూర్చున్నానర్రా అని చెప్పాలి. నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, డెబ్భై దాటినవాణ్ణి, ఇంక నాకు పోయేదేవుంది.

నా బాధ అది కాదు. అందరూ నవ్వుతారు, వాడు నవ్వడు. నా చేతిలో మైకు మెల్లిగా తీసుకుని, చూసేరా, గొప్పంతా నాకే వదిలేస్తున్నారు, ఎంత పెద్దమనిషో చూడండి అంటాడు. అని అందరి ముందూ వంగి కాళ్ళకి దణ్ణం పెడతాడు. నాకు తెలుసు వాడు.

అదిరా నాకు పడనిది. ఆట వాడిది. మస్కట్ వాడిది, గోవా వాడిది, కప్పు వాడిది. పోనీ వాడి గురువన్నా నేనుకదా అని ఇన్నాళ్ళూ ఓ మూల పెట్టుకున్నాను. ఆ గురువుని కూడా వాడే తయారుచేసుకున్నాడు, నా మానాన నేను అరటి తోట కాసుకుంటుంటే. గొడుగు కింద కూర్చున్న ఓ పిసినారివాణ్ణి చూసి, ఓ మహానుభావుణ్ణి చేసుకున్నాడు. ఆ గట్టుని చేర్చుకున్నట్టే నన్నూ ఆటలో చేర్చేసుకున్నాడు.

నువ్వెళ్ళు. మాస్టారు ముందు వరసలోనే ఉన్నాడన్నావుగా, మైకు ఆయనకిమ్మను. ఆయనకి మాటలొచ్చు, ఈల కూడా ఉంది. ఫ్లెక్సీ ఎలాగూ కట్టించుకున్నాడు.

నాకేవైందని వాడడిగితే మోకాలు పట్టేసిందని చెప్పు. నమ్ముతాడు. నేనేం చెప్పినా, నేనేం చేసినా నమ్ముతాడు వాడు. అలాంటివాడితో ఎవడు వేగుతాడురా?